పాత స్టేషన్ వ్యాగన్ మోడల్ కట్టాలంటే ఏ బండి, ఏ సైజు, ఏ మెటీరియల్? గోదావరి జిల్లాల వాళ్ళ కోసం

పాత కారు మోడల్ అనగానే చాలామంది నేరుగా బోనెట్ కిందకి పోతారు, ఇంజన్‌కి వైర్లు వచ్చాయా, రేడియేటర్ పైపు ఉందా, ఇవే చూస్తారు. స్టేషన్ వ్యాగన్‌కి, అంటే రూఫ్ వెనక దాకా సాగి సామాను చోటు కూడా లోపలే ఉండే కారుకి, ఆ లెక్క పనికిరాదండి. బోనెట్ మూసేసి బీరువాలో పెట్టినా వ్యాగన్‌కి పోయేదేం లేదు, కానీ వెనకంతా అద్దాలే కాబట్టి సామాను పెట్టే నేల, వెనక సీటు, రూఫ్ లైనింగ్, పిల్లర్ల (రూఫ్‌ని మోసే నిలువు బద్దల) లోపలి వైపు ఇవన్నీ నాలుగు పక్కల నించీ కనిపించి తీరతాయి, పైగా పాత వాటికి చెక్క ఒకటి. అందుకని బండి ఎంచుకోవడం దగ్గర్నుంచి జిగురు కొనడం దాకా ప్రతి చోటా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే, ఈ బండి వెనక సగం నా చేత్తో, నా ఊరి గాలిలో సరిగ్గా వస్తదా రాదా అని. మన ఊరి గాలి అని ఎందుకన్నానంటే అమలాపురంలోనో నరసాపురంలోనో కూర్చుని మోడల్ కట్టేవాడికి తేమ అనేది పెయింటంత పెద్ద విషయం, పొడి ఊళ్ళలో కూర్చుని వీడియోలు పెట్టేవాళ్ళు దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పరు.

ముందు బండి సంగతి. చెక్కని బట్టి చూస్తే వ్యాగన్లు నాలుగు రకాలు, ఈ తేడా పట్టుకుంటే సగం పని తేలిపోద్ది. మొదటివి నిజంగా చెక్కతోనే కట్టినవి. ఫోర్డ్ మోడల్ ఎ స్టేషన్ వ్యాగన్ 1929లో వచ్చింది, దాని చెక్క మిషిగన్‌లో ఐరన్ మౌంటెన్ దగ్గర ఫోర్డ్ సొంత మిల్లుల నించి వచ్చేది. ఇంగ్లండులో మోరిస్ మైనర్ ట్రావెలర్ 1953 నుంచి 1971 దాకా నడిచింది, దాని వెనక ఉన్న యాష్ చెక్క ఫ్రేము సోకుకి పెట్టింది కాదు, బాడీ బరువు మోసేది అదే, అందుకే చెక్క పుచ్చితే బండే పనికిరాకుండా పోయేది. రెండోది విల్లీస్ జీప్ స్టేషన్ వ్యాగన్, 1946లో బ్రూక్స్ స్టీవెన్స్ డిజైన్ చేసింది, ఇది పూర్తిగా స్టీలే కానీ మెరూన్ బాడీ మీద లేత, ముదురు చెక్క రంగులు వేసి చెక్క బండిలా కనిపించేలా చేశారు. మూడోది ఫోర్డ్ కంట్రీ స్క్వైర్ రకం, 1952 నుంచి స్టీల్ బాడీ మీద చెక్క చారలు ముద్రించిన ఫిల్మ్ అంటించి వచ్చింది. ఇక నాలుగో రకం చెక్క ఊసే లేని స్టీల్ బళ్ళు, 1955 నుంచి 57 దాకా వచ్చిన షెవ్రోలె నోమాడ్, 1963 షెవీ టూ నోవా వ్యాగన్, మనకి తెలిసిన అంబాసిడర్ ఎస్టేట్ (ఎస్టేట్ అన్నా వ్యాగనే), ఇవన్నీ.

మోడల్ కట్టేవాడి కళ్ళతో చూస్తే ఈ నాలుగింట్లో విల్లీస్ మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది. ఎందుకంటే అసలు బండి మీదే చెక్క అనేది పెయింటు, కాబట్టి మీరు మోడల్ మీద పెయింటు వేస్తే అది నకిలీ అవ్వదు, అసలు ఫ్యాక్టరీ చేసిన పనే మీరు చిన్న సైజులో చేస్తున్నారు. పైగా పక్కలు బల్లపరుపుగా ఉంటాయి, వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నించి వెనక చక్రం మధ్యకి దూరం, 104 అంగుళాలు అంటే 2642 మిల్లీమీటర్లు, జీపు బొమ్మల చక్రాలు గ్రిల్ దొరకడం కూడా తేలికే. ట్రావెలర్ అందమైంది, కాదనను, కానీ అలవాటు లేని చేతికి ఆ ఫ్రేము జాయింట్లు చుక్కలు చూపిస్తాయి.

అంబాసిడర్ ఎస్టేట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన పక్క ఎవరిని అడిగినా మొదట ఇదే కడతానంటారు. పెళ్ళికొడుకు ఊరేగిన బండీ, రైసు మిల్లు కామందు బండీ, రాజమండ్రి స్టేషన్ బయట టాక్సీ, అన్నీ అదేగా. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నించి వచ్చి 2014లో ఉత్తరపారాలో ఆగిపోయే దాకా ఆ ఒంపులు పెద్దగా మారలేదు. అయితే ఆ ఒంపులే కష్టం. ముందు ఫెండర్లు, బోనెట్ గుండ్రం, తలుపుల పొట్ట, ఒక్క చోట కూడా చదును లేదు, షీటుతో మొదట్నించీ కడదామంటే లప్పం పెట్టి గీకడంలోనే నెలలు పోతాయి. అందుకని దీనికి నేను చెప్పే దారి వేరు. సెంటీ టాయ్స్ వాళ్ళ అంబాసిడర్ బొమ్మ లాంటిది ఒకటి తెచ్చుకుని ముందు సగం అలాగే ఉంచేసి, వెనక పిల్లర్ దగ్గర కోసి, ఎస్టేట్ భాగం మాత్రం మీరు కట్టుకోండి. బొమ్మ ఏ స్కేల్‌లో ఉందో డబ్బా మీద రాసింది నమ్మక్కర్లేదు, ముందు చక్రం మధ్య నించి వెనక చక్రం మధ్యకి స్కేలుతో కొలిచి 2464ని ఆ వచ్చిన అంకెతో భాగించండి, అసలు అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మిల్లీమీటర్లు కాబట్టి మీ బొమ్మ స్కేల్ అదే చెప్పేస్తది. తర్వాత వెనక కట్టే ప్రతి కొలతా ఆ అంకెతోనే భాగించుకోవాలి, కంటికి బాగుందని కొలత పెంచారో రూఫ్ పొడుగైపోయి బండి అంబులెన్సులా తయారవుద్ది.

సైజు విషయంలో జనం ఎక్కువగా 1/24, 1/18 మధ్య ఊగుతారు, 1/24 అంటే అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. అంబాసిడర్ వీల్‌బేస్‌తోనే చూసుకుంటే 1/43లో 57 మిల్లీమీటర్లు, 1/24లో 103, 1/18లో 137, 1/12లో 205 వస్తది. ప్లాస్టిక్ కిట్లు, అంటే ముక్కలుగా వచ్చి మనం అంటించుకునేవి, అమెరికావి ఎక్కువగా 1/25, జపాన్‌వి 1/24, రెండూ పక్కపక్కన పెడితే తేడా పెద్దగా తెలీదు కానీ ఒక దాని చక్రాలు ఇంకోదానికి వేసేటప్పుడు మాత్రం తెలుస్తది. 1/43 అరచేతిలో ముద్దుగా ఉంటది, మోరిస్ మైనర్ ట్రావెలర్ ఆక్స్‌ఫర్డ్ డైకాస్ట్ వాళ్ళది చిన్న సైజులో రెడీమేడ్‌గా వస్తది, కొని పెట్టుకోవడానికి బాగానే ఉంటది గానీ కట్టడానికి ఆ సైజు వద్దు, కిటికీ ఫ్రేము అర మిల్లీమీటరు కూడా ఉండదు. మొదట్నించీ మీరే కట్టే పనైతే నా ఓటు 1/18కి. అసలు బండి డోరు సందు 5 మిల్లీమీటర్లు అనుకుంటే 1/24లో అది 0.2, 1/18లో దాదాపు 0.3, ఆ కొంచెం తేడాకే చేతికి ఊపిరాడుద్ది. కిట్ కొంటే 1/24, 1/25 తప్ప వేరే ఆలోచన వద్దు, పెయింట్లు, డెకాల్స్ (నీళ్ళలో తడిపి అంటించే బొమ్మల స్టిక్కర్లు), విడి చక్రాలు అన్నీ ఆ సైజుకే దొరుకుతాయి.

ఇప్పుడు అసలు డబ్బు ఖర్చయ్యే ఎంపిక, కిట్టా, సొంతంగా కట్టడమా, 3డి ప్రింటా. కిట్లలో వ్యాగన్ కావాలంటే ఎఎంటి వాళ్ళ 1963 షెవీ టూ నోవా స్టేషన్ వ్యాగన్, 1965 షెవెల్ సర్ఫ్ వ్యాగన్, ఈ రెండూ 1/25లో ఉన్నాయి, మోనోగ్రామ్ వాళ్ళది 1930 ఫోర్డ్ వుడీ, అంటే చెక్క బాడీ వ్యాగన్, 1/24లో ఉంది. వీటిలో నోవా వ్యాగన్ మొదటిసారి కట్టేవాళ్ళకి సరిగ్గా సరిపోద్ది, నాలుగు తలుపుల సాదా స్టీల్ బండి, చెక్క బెడద లేదు, బాడీ ఒకటే ముక్కగా వస్తది కాబట్టి ఆకారం తప్పే ప్రసక్తే లేదు. షెవెల్‌ది రెండు తలుపుల వ్యాగన్, షెవెల్‌లో ఆ బాడీ 1964, 65 రెండేళ్ళే వచ్చింది, పక్క అద్దం పొడుగ్గా ఉండి చూడ్డానికి దర్జాగా ఉంటది, కాకపోతే ఆ పొడుగు అద్దం మీద ఒక్క వేలిముద్ర పడ్డా దాచలేరు. ఇబ్బంది ఏంటంటే ధర. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నించి 60కి, 2023లో 70కి పెరిగింది, స్కేల్ మోడల్ కిట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, దాని మీద పోస్టేజీ, జీఎస్టీ. విదేశాల్లో చుట్టాలున్న ఇళ్ళు మన కోనసీమలో, భీమవరం పక్కన కోకొల్లలు, వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక డబ్బా తెమ్మంటే అదే అన్నిటికన్నా మంచి దారి, కాకపోతే డబ్బా నలగకుండా బట్టల మధ్యలో పెట్టమనండి.

3డి ప్రింట్ రెండు రకాలు. రెజిన్‌తో చేసేది నున్నగా వస్తది, గ్రిల్, డాష్‌బోర్డు, వీల్ కప్పులు లాంటి చిన్న భాగాలకి దాన్ని మించింది లేదు, కానీ పల్చటి పిల్లర్లు పెళుసుగా ఉండి పుటుక్కున విరుగుతాయి, పొడుగు రూఫ్ ముక్క సరిగ్గా ఆరబెట్టకపోతే వంకర పోద్ది. దారంతో పొరలు పొరలుగా వేసేది, పీఎల్ఎ అంటారు, అది చవకే కానీ గీతలు గీకడం పెద్ద పని, ఇంకా 60 డిగ్రీల దగ్గర మెత్తబడిపోద్ది, మే నెలలో తణుకు నించి కాకినాడ తీసుకెళ్తూ అద్దాలు మూసిన కారులో వదిలితే దిగేసరికి రూఫ్ కుంగిపోయి ఉంటది. ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు ఇంటికొకరున్నారు, వాళ్ళ కాలేజీలో ప్రింటర్ ఉంటే చక్రాలు, గ్రిల్ మటుకు వేయించుకోండి. బాడీ మొత్తం ప్రింట్ వేయించడం నాకు నచ్చదు, గీకే శ్రమ చూసుకుంటే షీటుతో కట్టిందే త్వరగా అయిపోద్ది.

షీటుతో కట్టేవాళ్ళకి మెటీరియల్ ఏది? స్టైరిన్ అనే ప్లాస్టిక్ షీటు రాజా, గీత గీసి వంచితే గీత మీదే విరుగుద్ది, లిక్విడ్ సిమెంటు (ప్లాస్టిక్ మోడళ్ళ జిగురు) తాకిస్తే రెండు ముక్కలూ కరిగి ఒకటైపోతాయి, తేమ పీల్చదు. కానీ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. సన్ బోర్డు అయితే ఫ్లెక్సీలు, సైన్ బోర్డులు చేసే ప్రతి షాపులోనూ తుక్కు ముక్కలు దొరుకుతాయి, అదీ తేమకి ఉబ్బదు, గుండ్రం చెక్కడానికి మెత్తగా ఉంటది, అయితే గోరు తగిలినా గుంట పడుద్ది కాబట్టి లోపలి అస్థిపంజరానికి అది, పైన చర్మానికి స్టైరిన్, ఈ జత బాగా పని చేస్తది. ఈ రెండిటికీ ఒకే జిగురు సరిపోదు, సన్ బోర్డు అంటే పీవీసీ, నీళ్ళ పైపులకి వాడే సొల్యూషన్ దానికి పడుద్ది, స్టైరిన్‌ని సన్ బోర్డుకి అంటించాలంటే అరాల్డైటో ఫెవిక్విక్కో. మౌంట్ బోర్డు, ఐవరీ షీటు చవక, పిల్లల ప్రాజెక్టులకి స్టేషనరీ షాపులో ఉంటాయి, ఆకారం సరిచూసుకోవడానికి ముందు ఒక నమూనా దాంతో కట్టండి, అంతవరకే. ఆగస్టు ముసురులో అట్ట అంచులు ఉబ్బిపోతాయి, బూజు కూడా పడుద్ది, మైదా జిగురు వాడితే పురుగులు చేరతాయి. కోసే బ్లేడు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, మెడికల్ షాపులో 11 నంబరు సర్జికల్ బ్లేడు, 3 నంబరు హ్యాండిల్ అడగండి, ఇంతకన్నా మంచి కత్తి ఈ పనికి లేదు.

ఒక్క విషయం మాత్రం షీటు మందం. 1 మిల్లీమీటరు షీటుతో పిల్లర్లు కోస్తే 1/24లో అది అసలు బండిలో 24 మిల్లీమీటర్ల మందం అన్నట్టు, వ్యాగన్‌కి కిటికీలు ఎక్కువ కాబట్టి ఆ మందం ప్రతి కిటికీలోనూ కనపడి బండి బొమ్మలా తేలిపోద్ది. లోపలి వైపు నించి అంచుల్ని ఏటవాలుగా గీకేస్తే బయటి అంచు సన్నగా కనపడుద్ది. కిట్ బాడీలకి కూడా ఇది చెయ్యండి, ఒక సాయంత్రం పనే, మోడల్ రూపమే మారిపోద్ది.

చెక్క సంగతికొద్దాం, ఇక్కడ జనం ఎక్కువగా తప్పు దారి పడతారు. చెక్క బండి కాబట్టి చెక్కే అంటిస్తే నిజంగా ఉంటదని అందరికీ అనిపిస్తది. 1/24లో అది పొరపాటండి. టేకు వెనీర్ (పల్చటి చెక్క పొర) తీసుకోండి, దాని చారలు, సన్నటి రంధ్రాలు అసలు సైజులోనే ఉంటాయి, వాటిని 24 రెట్లు పెద్దవి చేసి ఊహించుకుంటే అసలు బండి మీద బెత్తెడు వెడల్పు చారలున్నట్టు లెక్క, చూసే కన్ను దాన్ని ఒప్పుకోదు. ట్రావెలర్ ఫ్రేము బద్దలు 1/24లో రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి, అంత సన్న బద్ద మీద చారలు కనపడకపోవడమే సహజం. కాబట్టి 1/24, 1/25లో పెయింటే వెయ్యండి, లేత క్రీమ్ రంగు బేస్ వేసి ఆరాక, క్యామెల్ ఆయిల్ కలర్ ట్యూబుల్లో రా సియెన్నా, బర్న్‌ట్ అంబర్ కొంచెం కొంచెం తీసుకుని గట్టి కుంచెతో ఒకే దిక్కున లాగి, పొడి కుంచెతో చాలా మటుకు తుడిచేయాలి. బద్దలకి లేతగా, మధ్య పలకలకి ముదురుగా వేస్తే బతికినట్టుంటది. నిలువు బద్దకి నిలువుగా, అడ్డ బద్దకి అడ్డంగా లాగండి, జాయింట్ దగ్గర సన్న పెన్సిల్ గీత పెట్టండి, ఈ దిక్కు తప్పితే ఎంత బాగా వేసినా చెక్క అనిపించదు. ఆయిల్ కలర్ మన తేమలో ఆరడానికి రోజులు పడుద్ది, తొందరపడి పైన వార్నిష్ వేశారో మొత్తం కదిలిపోద్ది.

1/12 లేదా అంతకన్నా పెద్దది కడితే అప్పుడు నిజం చెక్క వాడొచ్చు, వాడాలి కూడా. చారలు సన్నగా ఉండే జాతి కావాలి. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి తేలిగ్గా కోతకొస్తది కానీ బాగా మెత్తన, ఏటికొప్పాక బొమ్మల అంకుడు చెక్క నున్నగా ఉండి అంచు నిలబడుద్ది, ఫ్రేముకి అంకుడే మేలు. ఐస్‌క్రీమ్ పుల్లలు కూడా తక్కువేం కాదు, చారలు సన్నగా ఉంటాయి, వాటినే సన్నగా చీల్చుకుని వాడొచ్చు. ఏది వాడినా అంటించే ముందే అన్ని వైపులా సాండింగ్ సీలర్ పట్టించాలి, ఒక్క వైపే పట్టిస్తే రెండో వైపు తేమ పీల్చి బద్ద వంగిపోద్ది. తాళ్ళరేవులో పడవలు కట్టే వడ్రంగులు ఉన్నారు, బద్దని ఎలా వంచాలో వాళ్ళ పని చూస్తే అర్థమవుద్ది, సన్న బద్దని వేడి నీళ్ళలో నానబెట్టి గుండ్రటి సీసా చుట్టూ దారంతో కట్టి ఆరనిస్తే అది ఆ ఒంపు పట్టుకుంటది. చెదల సంగతి మన ఇళ్ళలో చెప్పక్కర్లేదు, గోడకి ఆనించి పెట్టొద్దు.

కంట్రీ స్క్వైర్ లాంటి ఫిల్మ్ బళ్ళకైతే డెకాల్ మంచిది, కిట్‌లో వచ్చేది వాడండి, లేకపోతే డెకాల్ పేపర్ మీద ప్రింట్ తీయించుకోండి. ఇంక్‌జెట్ ప్రింట్ నీళ్ళలో వేసే ముందు క్లియర్, అంటే రంగు లేని వార్నిష్, పట్టించకపోతే రంగు కారిపోద్ది, లేజర్ ప్రింట్‌కి ఆ భయం తక్కువ.

ఇక అద్దాలు. వ్యాగన్‌లో మనకి కలిసొచ్చేది ఏంటంటే పక్క అద్దాలు, వెనక అద్దం చాలా బళ్ళకి దాదాపు చదునుగానే ఉంటాయి, సొంతంగా కట్టేవాళ్ళకి ఓహెచ్‌పీ షీటు చాలు, లేదా బొమ్మల ప్యాకింగ్ మీద వచ్చే పారదర్శక ప్లాస్టిక్ ఇంకా గట్టిగా ఉంటది. ముందు అద్దం ఒక్కటే వంపు. కిట్ అద్దాలు మందంగా ఉండి పక్క నించి చూస్తే వస్తువులు వంకరగా కనపడతాయి, పక్కవి తీసేసి షీటు పెట్టుకుంటే లోపల చేసిన పనంతా స్పష్టంగా కనిపిస్తది. అంటించడానికి ఫెవిక్విక్ వద్దే వద్దు. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుంటది, మన దగ్గర గాలిలో తేమ వల్ల అది ఇంకా త్వరగా గట్టిపడుద్ది కూడా, మూసిన బాడీ లోపల ఆ ఆవిరికి పోయే దారి ఉండదు. ఫెవికాల్ వాడండి, ఆరితే కనపడదు, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేయొచ్చు. తెల్ల పొర ఆల్రెడీ పట్టేసినా షీటుకి 2000 వాటర్ పేపరు, తర్వాత టూత్‌పేస్టు పెట్టి రుద్దితే చాలా మటుకు పోద్ది.

పెయింటు దగ్గర మన ప్రాంతం వాళ్ళకి వేరే క్యాలెండర్ ఉండాలి. లాకర్ పెయింట్లు, అంటే త్వరగా ఆరే థిన్నర్ రకం, ఆరేటప్పుడు పైభాగాన్ని చల్లబరుస్తాయి, గాల్లో తేమ ఎక్కువుంటే అది అక్కడ నీరై పెయింటు మీద పాలపొరలా తెల్లగా దిగుద్ది. తేమ 60, 65 శాతం దాటితే లాకర్ జోలికి పోవద్దు, చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనుక్కోండి, గాల్లో తేమ ఎంతుందో చూపిస్తది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అక్టోబరు నవంబరులో తుపాన్లు, ఆ ఐదారు నెలలూ కోయడం, లప్పం, ఇంటీరియర్ పని పెట్టుకోండి. డిసెంబరు నించి ఫిబ్రవరి దాకా పెయింటు కాలం, పొద్దున మంచు ఉంటది కాబట్టి పదకొండింటికి మొదలెట్టి మూడు నాలుగింటికల్లా ఆపేయండి. మే నెల ఎండలో స్ప్రే చేస్తే తుంపర గాల్లోనే ఆరిపోయి పైన ఇసుక చల్లినట్టు గరుగ్గా వస్తది.

వానాకాలంలో ఆగలేం అనుకునేవాళ్ళకి ఎక్రిలిక్ మేలు, టామియా ఎక్రిలిక్ లాంటివి ఆల్కహాల్ కలిసినవే అయినా పల్చగా కోట్లు వేస్తే పాలపొర బాధ తక్కువ. ఎనామెల్ నెమ్మదిగా ఆరుద్ది కాబట్టి తెల్లబడే గొడవ తక్కువ, కుంచె గీతలు వాటంతటవే సర్దుకుంటాయి, కానీ ఆరే లోపు దుమ్ము దిగుద్ది, పైన డబ్బా బోర్లించాలి. టింకరింగ్ షెడ్డులో డూకో పెయింటు కలిపించుకోవడం మన దగ్గర ఉన్న గొప్ప సౌకర్యం, పాత అంబాసిడర్ క్రీమ్ రంగు ముక్క చూపిస్తే పెయింటర్ కంటితోనే కలిపిచ్చేస్తాడు, అయితే అందులో కలిపే ఎన్‌సీ థిన్నర్ స్టైరిన్‌ని తినేస్తది, ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగా రెండు మూడు కోట్లు పడి ఆరాలి, కిట్‌లో మిగిలిన కాడ మీద ఒకసారి వేసి చూడండి. టూకే క్లియర్ (హార్డెనర్ కలిపి కొట్టే రెండు భాగాల వార్నిష్) ఇంట్లో కొట్టొద్దు, అందులో హార్డెనర్ ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, షెడ్డులో మాస్కు పెట్టుకునే పెయింటర్‌కే ఇవ్వండి. ఎయిర్‌బ్రష్ కొనేవాళ్ళు కంప్రెసర్‌తో పాటు నీరు పట్టే ట్రాప్ కూడా కొనాలి, మన గాలికి గొట్టంలో నీళ్ళు చేరి నేరుగా బాడీ మీద చుక్కలు పడతాయి. అంత ఖర్చు వద్దంటే స్ప్రే క్యాన్ చాలండి, మంచి రోజు చూసుకుని వేస్తే వ్యాగన్ రూఫ్ లాంటి పెద్ద చదునుకి క్యానే సాఫీగా పడుద్ది.

క్రోమ్ బద్దలకి సిల్వర్ పెయింటు కన్నా అంటించే ఫాయిల్ బాగుంటది. దొరక్కపోతే చాక్లెట్ చుట్టే సన్న రేకు, వెనక పల్చగా జిగురు రాసి అంటించి, పుల్లతో నొక్కి, కొత్త బ్లేడుతో అంచు కోయండి.

లోపల సామాను నేల ఖాళీగా వదలొద్దు. వ్యాగన్ సామాను కోసం పుట్టిన బండి, అందులో మన సామాను పెడితే ఆ మోడల్ మీది అవుద్ది. పీచు తీసిన కొబ్బరికాయ సుమారు 12 సెంటీమీటర్లు అనుకుంటే 1/24లో 5 మిల్లీమీటర్లు, సరిగ్గా మిరియం గింజ సైజు, గరుకు కూడా అలాగే ఉంటది, గోధుమ రంగు పల్చగా వేస్తే చాలు. గోనె సంచికి పాత మల్లు గుడ్డ టీ డికాషన్‌లో ముంచి కుట్టండి. వెనక సీటు మడిచి పెడితే నేల ఎక్కువ కనిపిస్తది, రావులపాలెం నించి అరటి గెలలు వేసుకొస్తున్నట్టు చెయ్యాలనుకునేవాళ్ళు సీటు మడవాల్సిందే.

ఇన్ని చెప్పాక ఎవరికి ఏది అంటే, మొదటి మోడల్ అయ్యి కిట్ తెప్పించుకునే వీలుంటే షెవీ టూ నోవా, కిట్ వీలు కాకపోతే 1/18లో సన్ బోర్డు, స్టైరిన్‌తో విల్లీస్ వ్యాగన్. రెండు మూడు మోడళ్ళు కట్టిన చెయ్యి అయితే బొమ్మ ముందు సగం వాడి అంబాసిడర్ ఎస్టేట్, ఇది మన ఊళ్ళో ఎవరు చూసినా ఆగి అడుగుతారు. 1930 వుడీ, ట్రావెలర్ ఈ రెండూ చెక్క పెయింటు మీద చెయ్యి తిరిగాక, ముందు పనికిరాని ముక్క మీద చెక్క రంగు వేసి అది నాలుగడుగుల దూరం నించి చెక్కే అనిపించాక మొదలెట్టండి. నోమాడ్ మీద మోజుంటే చివర్లో పెట్టుకోండి, క్రోమ్ పని ఎక్కువ.

కింద బేస్ పెట్టేవాళ్ళకి, నరసాపురం సఖినేటిపల్లి రేవులో పంటు మీద బండి ఎక్కించిన దృశ్యం చెక్క పలకలతోనే వచ్చేస్తది, మట్టి కోసం గోదావరి ఒండ్రు ఎండబెట్టి పల్చటి గుడ్డలో జల్లించండి, అది ఎంత మెత్తగా ఉంటదంటే 1/24కి కూడా సరిపోద్ది, మ్యాట్ వార్నిష్‌లో కలిపి చక్రాల వెనక, వెనక బంపర్ కింద మాత్రమే తట్టండి. సముద్రం దగ్గరున్న ఊళ్ళ వాళ్ళు, అంతర్వేది, ఓడలరేవు పక్క వాళ్ళు, ఉప్పుగాలికి ఫాయిల్ మచ్చ పడకుండా పైన పల్చగా క్లియర్ వేసుకోవాలి. పెట్టే అద్దాల డబ్బాలో ఒక మూల సిలికా జెల్ సంచులు వేసి, నీలం రంగువి గులాబీ రంగులోకి మారినప్పుడు బాణలిలో సన్న సెగ మీద వేడి చేసి మళ్ళీ నీలం వచ్చాక వాడుకోవచ్చు, ఆ బాణలి మాత్రం వంటకి వాడొద్దు, డబ్బా మీద పడమటి ఎండ నేరుగా పడకుండా చూసుకోండి.